గ్రహాంతరవాసి కొలతలు

దెయ్యాలకి జనం భయపడ్డం మానేశారని చెప్పడానికి కోదండరామయ్య గారు మా షెడ్డుకి వచ్చిన రోజున, నాన్న రైసుమిల్లు జల్లెడకి అతుకు పెడుతున్నాడు. నిప్పురవ్వలు ఆగేదాకా ఆయన గుమ్మం బయటే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, నుదుటి మీద కుంకుమ బొట్టు. చూస్తే గుడి చందాకి వచ్చారనుకుంటాం తప్ప, ఊరూరా ఎగ్జిబిషన్లలో భూత్ బంగళా నడిపే మనిషని ఎవరూ అనుకోరు.

“అస్థిపంజరం లేస్తే పిల్లలు దాంతో షేక్‌హ్యాండ్ చేస్తున్నారండీ వరదానం గారూ,” అన్నారు బాధగా. “శవప్పెట్టె తెరుచుకుంటే ఈలలేస్తున్నారు. కిందటేడు భీమవరంలో ఒకావిడ మా తెల్లచీర దెయ్యాన్ని పట్టుకుని, ‘ఏమ్మా, అన్నం సరిగ్గా తినట్లేదా, ఇంత చిక్కిపోయావు’ అని అడిగిందండీ. ఇంకేం వ్యాపారం చేస్తాం చెప్పండి?”

ఆయనకి కావలసింది వేరే ఉంది. టీవీలో చూపిస్తున్నారే, పై గ్రహాల నుంచి పళ్ళేల్లాంటి వాటిల్లో దిగుతారు, అలాంటి పళ్ళెం ఒకటి కావాలి. నేలకూలిన పళ్ళెం. అది నోరు తెరవాలి, లోపల్నుంచి వాడు లేవాలి. చూసినవాళ్ళు చెప్పులు వదిలేసి పరిగెత్తాలి. ఈ వేసవి సెలవుల్లోనే ఏలూరులో ఎగ్జిబిషన్ పెడుతున్నారు, అప్పటికి తయారవ్వాలి.

నాన్న కళ్ళద్దాలు తీసి బనీనుతో తుడుచుకున్నాడు. ఇలాంటి పని ఆయన చేతికి కొత్త కాదు. తాడేపల్లిగూడెంలో మా చర్చి మీద క్రిస్మస్ నక్షత్రం ఒకప్పుడు నాన్నే కట్టేవాడు. కాగితం నక్షత్రం కాదు, ఇనప చువ్వలతో చేసి, సైకిలు చక్రం మీద తనంతట తను తిరిగేలా పెట్టిన నక్షత్రం. దాన్ని చూడ్డానికి తణుకు నుంచి కూడా వచ్చేవాళ్ళు. కోదండరామయ్య గారూ దాని పేరు విన్నాకే నాన్నని వెతుక్కుంటూ వచ్చారు. అయితే మా అమ్మ విక్టోరియా పోయాక నాన్న ఇంక నక్షత్రం కట్టలేదు. పాస్టరు గారు అడిగిన ప్రతిసారీ, “ఈ ఏడాదికి కుదరదండీ” అనేవాడు. మిల్లులవాళ్ళు తెచ్చిన విరిగిన సామాను అతికించడం, ఇంటికొచ్చి అన్నం తినడం, పడుకోవడం. నాతో మాట్లాడేవాడు కానీ, నా వెనక నిలబడ్డ ఇంకెవరికో చెబుతున్నట్టుండేది.

అందుకే ఇప్పుడూ “కుదరదండీ” అంటాడనే నేను కోదండరామయ్య గారికి ఇవ్వడానికి మంచినీళ్ళు మాత్రమే తెచ్చాను, టీ పెట్టలేదు.

నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని, “వాడికి చేతులెన్ని ఉండాలండీ?” అన్నాడు.

నేను వెనక్కి వెళ్ళి టీ పెట్టాను.

అది 2007 ఎండాకాలం. నేనప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. సెలవులిచ్చేశారు. ఇంట్లో నాన్నా, నేనూ. ఆ మర్నాటి నుంచి షెడ్డులోకి రోజుకో వస్తువు రావడం మొదలైంది. కేబుల్ రాజ్ కుమార్ మేడ మీద తుప్పు పడుతున్న పెద్ద డిష్ యాంటెన్నాలు రెండు రిక్షా మీద వచ్చాయి. ఒకదాని మీద ఒకటి బోర్లించి, మడతబందులు వేసేసరికి పళ్ళెం తయారైంది, తెరిస్తే ఆలుచిప్ప తెరుచుకున్నట్టు తెరుచుకునేది. వెన్నెముకకి, మిల్లులో ధాన్యం పైకి ఎత్తే రేకు డబ్బాల గొలుసు. తలకాయకి ఒక హోటలువాళ్ళు పారేసిన ఇడ్లీ గుండిగ. కళ్ళకి లారీ వెనకుండే ఎర్ర లైట్లు. వేళ్ళకి ప్లాస్టిక్ గొట్టాలు, వాటి లోపల్నుంచి సైకిలు బ్రేకు వైర్లు. వైరు లాగితే పిడికిలి మూసుకునేది.

నాన్న మొదటిసారి ఆ పిడికిలి మూసి చూపించినప్పుడు ఆయన మొహంలోకి చూశాను. చాలా రోజుల తర్వాత నన్నే చూస్తున్నాడు.

“ఏవమ్మా సైన్సు టీచరూ, ఎలా ఉంది?”

“వాళ్ళ గ్రహంలో ఇడ్లీలు కూడా దొరుకుతాయా నాన్నా?” అన్నాను.

పకపకా నవ్వాడు.

ఉంగుటూరు నుంచి మా సత్యవేదం అత్త ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చింది. నాన్నకి అక్క. అమ్మ పోయినప్పుడు మా ఇంట్లో ఉండి నాకు తల దువ్విన మనిషి. షెడ్డులో అడుగుపెట్టి, ఆ ఇనప గూడుని కింది నుంచి పైదాకా చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

“నక్షత్రాలు కట్టిన చేత్తో దెయ్యాలు చేస్తున్నావట్రా తమ్ముడూ?”

“దెయ్యం కాదక్కా. గ్రహాంతరవాసి.”

“వాణ్ణి మాత్రం ఎవడు చేశాడు?”

“అన్నిటినీ చేసినవాడు ఒక్కడే కదక్కా. వాణ్ణీ ఆయనే చేసుంటాడు.”

అత్త వెళ్ళేటప్పుడు ఆ ఇడ్లీ గుండిగ వైపు చూసి చిన్న ప్రార్థన చేసుకుని మరీ వెళ్ళింది.

గూడు అయితే లేచింది గానీ, దానికి చర్మం కావాలి. పెదవేగి పామాయిల్ తోటల ట్రాక్టర్ల పాత ట్యూబులు తెప్పించాం. వాటిని కుట్టడానికి మా బజారులో టైలర్లెవరూ ఒప్పుకోలేదు. చివరికి కేబుల్ రాజ్ కుమారే, “మా వెనక వీధిలో వీరదుర్గ గారని ఉన్నారండీ. పందిరి గుడ్డలు, లారీ పట్టాలు కుడతారు. ఆవిణ్ణి అడగండి,” అన్నాడు.

వీరదుర్గ గారిది కొల్లేటికోట. భర్త చేపల చెరువుల కాపలాదారుగా చేసి, ఏదో విషజ్వరంతో పోయాడట. పిల్లల్లేరు. కొల్లేట్లో గవర్నమెంటు వాళ్ళు చెరువు గట్లు తెంచేశాక అక్కడ పని లేక, కిందటేడే తాడేపల్లిగూడెం వచ్చి ఒక గది అద్దెకి తీసుకుంది. నలభై దగ్గర పడుతున్న మనిషి. సన్నగా, పొడుగ్గా, మాట మాత్రం పక్కవాళ్ళకి కూడా వినపడనంత మెత్తగా. ఆమె గూడు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, ఎంతో మామూలుగా, “వాడుండే చోట చలండీ, ఎండండీ?” అని అడిగింది.

నాన్న నావైపు చూశాడు. నేను, “ఎవరికీ తెలీదండీ,” అన్నాను.

“అయితే ముందు వల కప్పి, దాని మీద రబ్బరు వేద్దామండీ మేస్త్రి గారూ. లోపల గాలి ఆడుతుంది. పైకి ముసలాళ్ళ చర్మంలా ముడతలు పడుతుంది. వల నేనే అల్లేస్తాను.”

నాన్న తల ఊపాడు. తను ఎన్నాళ్ళుగానో ఆలోచిస్తున్నది ఎవరో పైకి అన్నట్టు తల ఊపాడు.

ఆ వారమంతా ఆమె పొద్దున్నే వచ్చేది. ఒక మూల కూచుని పని చేసుకుంటూ, ఎప్పుడైనా ఒక మాట అనేది. వాళ్ళిద్దరి మాటలూ ఆ గ్రహాంతరవాసి గురించే. పేరు పెట్టలేదు గనక వాణ్ణి ‘మనవాడు’ అనేవాళ్ళు. మనవాడి మెడ ఇంకాస్త పొడుగుండాలేమోనండీ. మనవాడికి చెవులుంటాయంటారా? ఒక్కోసారి నేను బడి నుంచి తెచ్చుకున్న పేపర్లు దిద్దుకుంటూ వింటూంటే, నవ్వొచ్చేది. ఒక్కోసారి వచ్చేది కాదు.

ఒకరోజు నేను కూరల మార్కెట్‌కి వెళ్ళి వచ్చేసరికి, షెడ్డులోంచి మిషను చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు తెలుసు. రెండో అడుగు వెయ్యకుండానే ఆగిపోయాను. అమ్మ కుట్టుమిషను. అమ్మ పోయినప్పట్నుంచీ నా గదిలో దుప్పటి కప్పి ఉంది. దాన్ని తీసుకొచ్చి షెడ్డులో పెట్టారు. వీరదుర్గ గారు దాని మీద రబ్బరు కుడుతోంది. నాన్న పక్కన నిలబడి గుడ్డ జారకుండా పట్టుకున్నాడు.

“అది అమ్మది,” అన్నాను.

“ఔనమ్మా. ఆవిడ మిషను మీద సూదులు విరిగిపోతున్నాయి, అందుకని…”

“నన్నొక మాట అడగొచ్చు కదా నాన్నా.”

వీరదుర్గ గారు ముళ్ళ మీద కూచున్నదానిలా లేచి నిలబడింది. “నాకు తెలీదండీ టీచరు గారూ. దబ్బనం ఉంది, చేత్తో కుట్టేస్తాను,” అంది. మిషను మీద పడ్డ రబ్బరు పొడిని పమిటతో తుడిచి, దుప్పటి తనే కప్పేసింది.

ఆ పూటా, ఆ మర్నాడూ ఆమె చేత్తోనే కుట్టింది. ట్రాక్టరు ట్యూబు అంటే మామూలు మందమా? నేను షెడ్డు వైపు పోకుండా ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం నాన్న అన్నానికి వచ్చి, ముద్ద కలుపుకుంటూ తల ఎత్తకుండా తిన్నాడు. కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయనకి కోపం రాలేదు. మళ్ళీ పాత నాన్నలా, నా వెనకెవరో ఉన్నట్టు మాట్లాడాడు. చారు బావుందమ్మా అన్నాడు. ఆ పూట నేను చారు పెట్టనే లేదు.

సాయంత్రం టీ ఇవ్వడానికి వెళ్ళాను. వీరదుర్గ గారు గ్లాసు అందుకున్నప్పుడు చూశాను. వేళ్ళ కొసలన్నిటికీ గుడ్డ పీలికలు చుట్టుకుంది. నేను చూస్తున్నానని గ్రహించి గ్లాసు రెండో చేతిలోకి మార్చింది.

ఇంట్లోకి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తీసుకొచ్చాను. అమ్మ బాబిన్లన్నీ అందులోనే ఉండేవి.

“నాన్నకి ఇవెక్కడున్నాయో తెలీదు ఆంటీ,” అన్నాను. “పైదారం బిగుతుగా ఉంటే ఆ మిషను మొరాయిస్తుంది. కొంచెం వదులు చెయ్యాలి.”

ఆమె డబ్బా అందుకుని, “అలాగేనండీ,” అంది. ఎక్కువ మాట్లాడి ఉంటే బహుశా నేను ఏడ్చేదాన్ని.

అసలు సంగతి ఆ తర్వాత రెండ్రోజులకి జరిగింది. అసలు సంగతి అని ఇప్పుడంటున్నాను గానీ, ఆ రోజున చూస్తే ఏమీ జరగలేదు. మనవాడికి పై తొడుగు కత్తిరించాలి. వీరదుర్గ గారు టేపు మెళ్ళో వేసుకుని ఆ గూడుని కాసేపు చూసి, “ఇలా ఇనపరాడ్లు చూస్తే నాకు లెక్క అందట్లేదండీ. ఎంత పెద్దవాడైనా భుజం భుజమే కదా. మీరొకసారి నిలబడండి మేస్త్రి గారూ. ఆ లెక్కన పెంచుకుంటాను,” అంది.

నాన్న వచ్చి షెడ్డు మధ్యలో నిలబడ్డాడు. నాకు సుద్దముక్క ఇచ్చారు. ఆమె చెప్పే అంకెలు గోడ మీద రాయడం నా పని.

“చేతులు చాపండి.”

చాపాడు. ఆమె వెనక నిలబడి ఈ భుజం నుంచి ఆ భుజం దాకా టేపు పరిచింది. మెడ దగ్గర నుంచి నడుం దాకా. చంకల కింద నుంచి ఛాతీ చుట్టూ. ఊళ్ళో అందరికీ కొలతలు తీసే మనిషి, అలాగే తీసింది. ఒక్క వేలూ అవసరం లేని చోట ఆగలేదు. ఒక్కో అంకె మెత్తగా చెబుతోంది, నేను రాస్తున్నాను. రాసి వెనక్కి తిరిగితే నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఎండన పడి వచ్చి నూతి దగ్గర చన్నీళ్ళు పోసుకునేటప్పుడు మూసుకుంటాడే, అలాగ.

అమ్మ పోయాక ఆయన్ని తాకిన మనుషులు ఎవరా అని ఆలోచించాను. ఆదివారం చర్చిలో చేతులు కలిపేవాళ్ళు. జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసే నేను. అంతే. ఇంకెవరూ గుర్తు రాలేదు.

మణికట్టు దగ్గరికి వచ్చి ఆమె ఆగింది.

“కాలిందండీ ఇక్కడ.”

“ఎప్పుడోదండీ.”

“ఎప్పుడోది కాదు, నిన్నటిది,” అని, నావైపు తిరిగి మణికట్టు కొలత చెప్పింది. నేను రాయడం మర్చిపోయాను. రెండోసారి చెప్పింది.

మర్నాడు పొద్దున్న నాన్న గడ్డం గీసుకుంటూ, చర్చిలో పాడే పాట ఒకటి గొంతులో తీస్తున్నాడు. చరణం గుర్తు రాక, మళ్ళీ పల్లవి ఎత్తుకున్నాడు.

మనవాడు పూర్తయ్యాక షెడ్డులోనే ఒకసారి ఆడించి చూశాం. కోదండరామయ్య గారొచ్చారు, వీధంతా వచ్చింది. పొగ కోసం నాన్న పళ్ళెం అడుగున కొబ్బరిపీచు నిప్పుల మీద సాంబ్రాణి వేశాడు. పళ్ళెం నోరు తెరిచింది, పొగ లేచింది, ఆ పొగలోంచి నల్లటి ముడతల మెడ సాగి, ఎర్ర కళ్ళు వెలిగాయి. ఎవరూ పరిగెత్తలేదు. సాంబ్రాణి వాసనకి ముందు వరసలో ముసలమ్మలిద్దరు చేతులు జోడించి దణ్ణం పెట్టారు.

“కొంప ముంచారండీ వరదానం గారూ,” అన్నారు కోదండరామయ్య గారు. “ఇంకాసేపాగితే హుండీ పెట్టమంటారు.”

సాంబ్రాణి మానేసి వట్టి పీచు పొగ పెడదాం అనుకునేంతలో ఇంకో ఉపద్రవం వచ్చింది. చేతులాడించడానికి పెట్టిన గ్రైండరు మోటారు కాలిపోయింది. కొత్తది పెట్టినా ఆ బరువుకి ఆగదని నాన్న తేల్చేశాడు. మనుషులు లోపల కూచుని లాగాల్సిందే. తలా, కుడిచెయ్యీ తను ఆడిస్తానన్నాడు, ఎడంచేతికి ఇంకొకరు కావాలి. కోదండరామయ్య గారి మనుషుల్లో ఒకతను లోపల కూచుని ఎడంచేతి వైరు ఒక్క గుంజు గుంజాడు, వైరు తెగింది.

“అలా కాదు బాబూ,” అంది వీరదుర్గ గారు. పళ్ళెం కిందికి దూరి వైరు ముడి వేసి, మెల్లిగా లాగింది. మనవాడి చెయ్యి నిద్రలోంచి లేస్తున్నట్టు లేచింది. ముందు మణికట్టు, తర్వాత ఒక్కొక్క వేలూ. ఎవరికో ఏదో ఇవ్వబోతున్నట్టు గాల్లో ఆగింది. ముసలమ్మలిద్దరూ ఈసారి వెనక్కి జరిగారు.

“నేను చేస్తానండీ,” లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది. “వల తియ్యడం లాంటిదే.”

కోదండరామయ్య గారు చప్పట్లు కొట్టారు. వీధివాళ్ళు మాత్రం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. లోపల ఒకే బల్ల, పక్కపక్కన ఇద్దరు పట్టేంత చోటు. ఎగ్జిబిషన్ ఉన్నన్నాళ్ళూ, చీకట్లో. నాన్న నావైపు చూశాడు. నేను సుద్ద అంకెలున్న గోడ వైపు చూశాను.

మనవాణ్ణి ట్రాక్టరు తొట్టిలో వేసి ఏలూరు తీసుకెళ్ళారు. దార్లో కప్పిన దుప్పట్లు ఎగిరిపోయి, ఉంగుటూరు దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా చెయ్యెత్తి వాడికి టాటా చెప్పారట. ఆ వార్తతో పాటు, అందులో కూచుని ఆడించేది ఎవరెవరన్న వార్త కూడా మా అత్తకి అందింది.

రోజూ మధ్యాహ్నం రైలుకి ఇద్దరూ ఏలూరు వెళ్ళేవారు. నాన్న ముందు, ఆమె కాస్త వెనకగా, క్యారేజీ పట్టుకుని. మొదటివారం నేనూ వెళ్ళాను గానీ ఎగ్జిబిషన్‌లో తిరగడమే తప్ప బంగళా లోపలికి వెళ్ళలేదు. తర్వాత ఇంటి దగ్గరే ఉండిపోయాను. నాకు కోపమా అంటే, కాదు. దిగులా అంటే, అదీ కాదు. అమ్మ ఫోటో ముందు నిలబడి ఆమెకేదో చెబుదామనుకునేదాన్ని. ఏం చెప్పాలో తెలిసేది కాదు. చర్చిలో ఎవరైనా, “నాన్నగారు కనపడట్లేదే నిస్సీ?” అని ఒకలా అడిగితే, “పని మీద ఉన్నారండీ,” అని వచ్చేసేదాన్ని.

ఒక పొద్దున వీరదుర్గ గారు ఒక్కతే వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“మీకు కష్టంగా ఉంటే చెప్పెయ్యండి టీచరు గారూ. ఆ మనుషులకే నేర్పేసి నేను మానేస్తాను. మేస్త్రి గారికి ఏదో వంక చెబుతాను. మీరు చెప్పారని అనను.”

మెత్తటి గొంతే. కానీ మాట పూర్తి చెయ్యడానికి ఆమె గుమ్మం పట్టుకోవాల్సి వచ్చింది.

“కూచోండి ఆంటీ, టీ తాగుదురు గాని,” అన్నాను. నాకు చేతనైన జవాబు అప్పటికి అదే. ఆమె కూచుంది. టీ తాగుతూ, మా పెరట్లో గోంగూరకి పురుగు పట్టిందని, బూడిద చల్లమని చెప్పింది.

ఆ ఆదివారమే సత్యవేదం అత్త దిగింది. బ్యాగు కింద పెట్టకుండానే, “పద,” అంది.

“ఎక్కడికత్తా?”

“ఏలూరు. నలుగురూ నాలుగు రకాలుగా చెబుతున్నారు. నా కళ్ళతో నేను చూస్తే గానీ మాట్లాడను. వాడికి మాత్రం చెప్పకు.”

రైల్లో అత్త కిటికీ పక్కన కూచుంది. ఒళ్ళో బైబిలు, దాని మీద చేతులు. ఒక్కసారి మాత్రం, “బొట్టు పెట్టుకుంటుందా?” అని అడిగింది. “పెట్టుకుంటుంది,” అన్నాను. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ఎగ్జిబిషన్ గ్రౌండు నిండా జనం. జెయింటు వీలు, ఢిల్లీ అప్పడాలు, మిరపకాయ బజ్జీల పొగ. భూత్ బంగళా ముందు బారుగా లైను. కోదండరామయ్య గారు నన్ను చూసి పలకరించబోతే వద్దని సైగ చేశాను. అత్త కొంగు నడుముకి బిగించి నా చెయ్యి పట్టుకుంది.

లోపల మొదటి మలుపులో అస్థిపంజరం లేచింది. అత్త, “పోరా,” అని దాన్ని దాటేసింది. శవప్పెట్టె తెరుచుకుంటే ఆగి చూసి, లోపలున్నవాణ్ణి, “ఉక్కపోయట్లేదా నాయనా?” అని అడిగింది. ఇంక నాకు ధైర్యం వచ్చింది. ఈవిడ దేనికీ జడవదు, ఒకసారి చూసి బయటికొచ్చేస్తాం అనుకున్నాను.

చివరి గదిలోకి అడుగుపెట్టగానే కాళ్ళ కింద ఇసక. మసక నీలం లైటు. ఇసకలో సగం కూరుకుపోయి పళ్ళెం. గదిలో మాతో పాటు ఒక పదిమంది ఉంటారు. పళ్ళెం కిర్రుమంటూ తెరుచుకుంది. పీచు పొగ పాక్కుంటూ వచ్చి మా పాదాలు కప్పేసింది. అందులోంచి మనవాడు లేచాడు. ప్రతి చువ్వా, ప్రతి అతుకూ నాకు తెలుసు. ఆ తలకాయ ఇడ్లీ గుండిగని తెలుసు. అయినా వాడు మెడ సాచి, కళ్ళు వెలిగించి, రెండు చేతులూ మా మీదికి చాపేసరికి నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను.

“యేసయ్యా!” అని అత్త ఒక్క కేక పెట్టి, ఇసకలో కూలబడింది.

తక్కినవాళ్ళంతా అరుచుకుంటూ బయటికి పరిగెత్తారు. నేను అత్త పక్కన కూచుని వీపు నిమురుతున్నాను. మనవాడి చేతులు గాల్లో అలాగే ఆగిపోయాయి. వాడి కడుపులోంచి నాన్న గొంతు వచ్చింది.

“అక్కా? అక్కా, నువ్వా? భయపడకే, నేనే!”

అత్తకి ఊపిరి అందట్లేదు. మళ్ళీ లోపల్నుంచి ఇంకో గొంతు, గాభరాగా. “ఏవండీ, ఆవిడకి గుండెదడ ఉందన్నారు కదా. ముందు ఈ నీళ్ళివ్వండి. ఉండండి, మీకు అందదు, నేనిస్తాను.”

మనవాడి పొట్ట మీద రబ్బరు ముడతలు విడిపోయి, ఆడమనిషి చెయ్యి ఒకటి బయటికొచ్చింది. ఆకుపచ్చ గాజులు. వేళ్ళ కొసల మీద మానిన సూది గాట్లు. ఆ చేతిలో మంచినీళ్ళ సీసా.

అత్త ఆ చేతిని చూసింది. నేను సీసా అందుకుని ఇచ్చాను. మెల్లిగా తాగింది. ఆ చెయ్యి వెంటనే లోపలికి పోలేదు, సీసా వెనక్కి తీసుకోవడానికి కాబోలు, అలాగే ఆగి ఉంది.

“ఎవరే లోపల?” అంది అత్త.

ఆవిడకి తెలుసు. తెలిసే వచ్చింది. అడిగింది వాళ్ళని కాదు, నన్ను.

“నాన్న,” అన్నాను.

అప్పటిదాకా నేను ఆమెని ఆంటీ అనే పిలిచాను. ఇప్పుడు కూడా ఆ మాటే నోటి దాకా వచ్చింది.

“పిన్ని,” అన్నాను.

అత్త నా మొహంలోకి చూసింది. ఆ మసకలో ఏం కనిపించిందో ఏమో. సీసాకి మూత బిగించి, తనే చెయ్యి చాచి ఆ చేతిలో పెట్టింది. “నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా,” అంది. నా భుజం పట్టుకుని లేచి, చీరకంటిన ఇసక దులుపుకుంది.

తర్వాత జరిగినవి అన్నీ మెల్లిగా, ఒకదాని వెనక ఒకటి జరిగాయి. వానలు పడ్డాక రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాయి. సాక్షి సంతకాల్లో మొదటిది సత్యవేదం అత్తదే. ఇంట్లో ఎవరి బొట్టు వారిది, ఎవరి ప్రార్థన వారిది. నాతో పిన్ని చాలా రోజులు ‘టీచరు గారూ’ అనడం మానలేకపోయింది. మనవాడు మాత్రం కోదండరామయ్య గారి లారీ ఎక్కి ఊళ్ళమ్మట వెళ్ళిపోయాడు, మళ్ళీ మాకు కనపడలేదు.

కానీ ఆ సాయంత్రం ఇవన్నీ ఇంకా జరగలేదు. మేము బయటికొచ్చి చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాం. అత్త గ్లాసు పట్టుకుంది గానీ తాగట్లేదు. ఇంతలో కోదండరామయ్య గారు చొక్కా తడిసిపోయి, పరుగున వచ్చారు.

“ఏవమ్మా నిస్సీ, లోపల ఏమైందమ్మా? ఈ బ్యాచీకి తలా లేవలేదు, చేతులూ లేవలేదు. పళ్ళెం తెరుచుకుంది, పొగొచ్చింది, అంతే! జనం గోల పెడుతున్నారు. మోటారు కూడా లేదు కదా, పాడవ్వడానికి. ఒకసారి వచ్చి మీ నాన్నగారితో మాట్లాడమ్మా.”

నేను అడుగు వెయ్యబోయాను. అత్త నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“ఒక్క ఆటే కదండీ,” అంది ఆయనతో. “కాస్సేపు వదిలెయ్యండి బాబూ వాళ్ళని.”